వాకిట్లో లాజరు

మార్చి 5, 2025, బుధవారం

పక్కింటి వదిన పొద్దున్నే గుడి నుంచి నుదుట బూడిద గీతతో వచ్చింది. కథోలికులకి ఈ రోజు విభూది బుధవారం. మట్టిలోంచి వచ్చినవాడు మట్టిలోకే పోతాడని ఆదాముకి ఏదెనులో చెప్పిన సంగతిని ఏడాదికోసారి ఇలా నుదుటి మీద రాయించుకుంటారు. మా లూథరన్లకి ఆ అలవాటు తక్కువ. మేం వింటాం, అంతే.

ఈ లెంట్ దినాల్లో ఒక్క సంగతే పట్టుకుని చదవాలనుకున్నాను. చనిపోయినవాళ్లు ఎక్కడికి పోతారని బైబిలు చెప్తోంది? పాస్టర్లు ఏం చెప్తారో తెలుసు, అది చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

మొదటగా ఎదురైంది శారా సమాధి, ఆదికాండము 23. దేశమంతా నీ సంతానానికి ఇస్తానని దేవుడు మాటిచ్చిన అబ్రాహాము చేతిలో అప్పటికి సెంటు భూమి లేదు. పరాయివాణ్ని, చనిపోయిన మనిషిని పెట్టుకోవడానికి చోటివ్వండని హిత్తీయుల ముందు వంగి నిలబడ్డాడు. ఎఫ్రోను ఊరికే తీసుకోమంటూనే, మాటల మధ్యలో ధర జారవిడిచాడు. 400 తులాల వెండి తూచి ఇస్తే మక్పేలా గుహ చేతికొచ్చింది. వాగ్దాన దేశంలో ఆ కుటుంబానికి దఖలుపడిన మొదటి భూమి శ్మశానమే. సమాధుల దొడ్డికి జాగా కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన మన పల్లె పెద్దలకి ఈ అధ్యాయం విడమర్చి చెప్పక్కర్లేదు.

పొలం, గుహ, అందులోని చెట్లు, హద్దులు అన్నీ సర్వే నంబరు వేసినట్టు రాసి ఉన్నాయి. శారా ఎక్కడికి వెళ్లిందన్న దాని మీద మాత్రం ఒక్క ముక్క లేదు.


మార్చి 9, ఆదివారం

పాతాళం. హెబ్రీలో షెయోల్. పాత నిబంధనలో అరవైకి పైగా చోట్ల ఉంది. నిప్పు లేదు, యముడి లాంటి అధికారీ లేడు. చీకటి, ధూళి, నిశ్శబ్దం. మంచివాడూ చెడ్డవాడూ అందరూ అక్కడికే. యోసేపు చనిపోయాడనుకున్న యాకోబు కొడుకు కోసం ఏడుస్తూ అక్కడికే దిగిపోతానంటాడు. చచ్చినవాళ్లకి ఏమీ తెలియదని ప్రసంగి తేల్చేస్తాడు. అక్కడ నిన్ను స్తుతించేవాళ్లెవరని కీర్తనకారుడు దేవుడితో దాదాపు బేరమాడతాడు. 88వ కీర్తన చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని కూటాల్లో చదవగా నేనైతే వినలేదు.

అయినా యోబు మూడో అధ్యాయంలో ఒక వెలుగు ఉంది. పుండ్లతో కూర్చుని తాను పుట్టిన రోజుని శపిస్తూ, చచ్చిపోయి ఉంటే బాగుండేదంటాడు యోబు. ఎందుకు? అక్కడ దాసుడికి యజమాని ఉండడు. పని చేయించేవాడి కేక వినపడదు. చిన్నా పెద్దా ఒక్కటే. పాతాళం గురించి పాత నిబంధన చెప్పిన మంచి మాట నాకు కనపడినంతలో ఇదొక్కటే. అదీ కూలివాడి వైపు నుంచి చూస్తేనే మంచిది.


మార్చి 11

ద్వితీయోపదేశకాండము 28. మొత్తం 68 వచనాలు. మొదటి 14 దీవెనలు, మిగతావన్నీ శాపాలు. క్షయ, జ్వరం, తెగులు, మిడతలు, కరవు, ముట్టడి, చెర, ముట్టడిలో కన్నబిడ్డల్ని తినే దాకా. చదువుతుంటే కడుపులో తిప్పుతుంది. ఇంత భయపెట్టిన మోషే, చచ్చాక నరకం ఉందని మాత్రం అనలేదు.

దీనికి నాకు తోచే కారణం ఐగుప్తు. పరలోకం మీద అంత ఖర్చు పెట్టిన దేశం అప్పట్లో ఇంకొకటి లేదు. పిరమిడ్లు, శవానికి సుగంధ ద్రవ్యాలు, గుండెని తూచే త్రాసు. యాకోబుకి కూడా అక్కడి వైద్యులు 40 రోజులు ఆ సుగంధ ద్రవ్యాల పని చేశారు. ఆ ఇంట్లో తరాలపాటు బానిసలుగా ఉన్నవాళ్లు బయటికొచ్చేటప్పుడు యోసేపు ఎముకలు తెచ్చుకున్నారు గాని, ఐగుప్తు వాళ్ల చావు శాస్త్రం తెచ్చుకోలేదు. ఎవరి సమాధుల కోసం ఎవరు రాళ్లు మోస్తారో దగ్గర నుంచి చూసినవాళ్లు కదా.


మార్చి 14

ఏన్దోరు కథ, 1 సమూయేలు 28. కర్ణపిశాచి గలవాళ్లని దేశంలో లేకుండా చేసిన సౌలు రాజే, రేపు యుద్ధమనగా వేషం మార్చుకుని రాత్రివేళ అలాంటి ఒకామె గడప తొక్కాడు. సమూయేలు దుప్పటి కప్పుకుని పైకొచ్చాడు. నన్నెందుకు కదిలించావని విసుక్కున్నాడు. పరలోకం ఎలా ఉందో చెప్పడానికి రాలేదు. రేపు నువ్వూ నీ కొడుకులూ నా దగ్గరికే వస్తారన్నాడు. దేవుడు విడిచిపెట్టిన రాజూ, దేవుడి ప్రవక్తా ఒకే చోటికి!

నాకు నచ్చేది ఆ తర్వాతి భాగం. కూలబడ్డ రాజుని చూసి ఆమె పెయ్యని కోసి, పిండి పిసికి, రొట్టెలు కాల్చి బలవంతంగా తినిపించింది. మర్నాడు చావబోయేవాడికి చివరి భోజనం పెట్టింది అతను నిషేధించిన మనిషే. ప్రసంగాల్లో ఈమెని మంత్రగత్తె అని తిట్టి వదిలేస్తారు.


మార్చి 23, ఆదివారం

హనోకు, ఏలీయా, వీళ్లిద్దరూ చావుని తప్పించుకున్నారు. ఆ సంగతి అందరికీ తెలిసిందే.

అసలు మలుపు దానియేలు 12లో ఉంది. మట్టిలో నిద్రపోతున్నవాళ్లలో చాలామంది లేస్తారు, కొందరు జీవానికి, కొందరు సిగ్గుకి. అందరూ అనలేదు, చాలామంది అన్నాడు. యెషయా 26లో ఒక మెరుపు, యెహెజ్కేలు ఎముకల లోయ ఉన్నాయి గాని, మనుషులు లేచి తీర్పు అందుకుంటారని పాత నిబంధనలో ఇంత సూటిగా చెప్పింది ఇక్కడే. ఎప్పుడు రాశారన్న దాని మీద తగువుంది. పండితుల్లో ఎక్కువమంది క్రీ.పూ. 167 తర్వాతి రోజులంటారు. యెరూషలేము ఆలయంలో నాలుగో అంతియొకస్ రాజు పరాయి బలిపీఠం నిలబెట్టి, ధర్మశాస్త్రం పాటించినవాళ్లని చంపించిన కాలం అది.

పక్కింటి వదిన బైబిలులో మక్కబీయుల గ్రంథాలు ఉన్నాయి, మా బైబిలులో లేవు. అడిగి తెచ్చుకున్నాను. రెండో గ్రంథం 7వ అధ్యాయంలో తల్లి కళ్లెదుట ఏడుగురు కొడుకుల్ని ఒక్కొక్కణ్నే చంపుతారు. పంది మాంసం ముట్టనన్నందుకు. ఒకడు చేతులు చాచి, ఇవి దేవుడిచ్చినవి, మళ్లీ ఆయన దగ్గరే తీసుకుంటానంటాడు.

ద్వితీయోపదేశకాండం లెక్క ఇక్కడ తిరగబడింది. ఆజ్ఞ పాటిస్తే దీవెన అన్నారు, పాటించినవాళ్లే చచ్చారు. ఈ బతుకులో తీరని బాకీ ఎక్కడ తీరుతుంది? పునరుత్థానం అన్న ఆశ వేదాంతుల తీరిక వేళల్లో పుట్టలేదు. కోసేసిన చేతుల నుంచి పుట్టింది. అన్యాయంగా చచ్చినవాడికి దేవుడు బాకీ ఉన్నాడన్న పట్టుదల అది.

ఆ గ్రంథమే 12వ అధ్యాయంలో ఇంకో పేచీ పెట్టింది. యుద్ధంలో చచ్చిన సైనికుల అంగీల కింద విగ్రహాల తాయెత్తులు దొరికాయి. వాళ్ల పాపం కోసం బలి అర్పించమని వాళ్ల నాయకుడు యూదా మక్కబీ 2,000 ద్రాక్మల వెండి యెరూషలేముకి పంపించాడు. చచ్చినవాళ్ల కోసం ప్రార్థించవచ్చా అంటే కథోలికులు ఈ పేజీ చూపిస్తారు. ఉత్తరింపు స్థలం, ఆత్మల మాసులు, పాపపరిహార పత్రాల అమ్మకం, 1517లో లూథరు కోపం, ఆ గొలుసంతటికీ ఒక కొస ఇక్కడుంది. ఇలాంటి పుస్తకాల్ని బైబిల్లోంచి పక్కకి తీసి పెట్టింది మా లూథరే. అయినా చదవడానికి మంచివన్నాడు, చదివేవాళ్లే తక్కువ.


మార్చి 30

సద్దూకయ్యులు పునరుత్థానాన్ని నమ్మరు. ఏడుగురు అన్నదమ్ముల్ని వరసగా పెళ్లాడిన ఆమె లేచాక ఎవరి భార్య అని యేసుని ఎగతాళి చేశారు. ఆమెకి ఎవరు కావాలో ఒక్కరూ అడగలేదు.


ఏప్రిల్ 6, ఆదివారం

మేనత్తని నిన్న భూస్థాపన చేశాం. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్లో సగంమంది పుట్టుక ఆమె చేతుల మీదే.

కూటంలో మూడు మాటలు విన్నాను. అత్త ప్రభువునందు నిద్రించిందన్నారు. మహిమలోకి వెళ్లిపోయింది, ఇప్పుడు ఆయన సన్నిధిలో ఉందన్నారు. బూర మోగినప్పుడు సమాధిలోంచి లేస్తుందన్నారు. అడిగితే మూడింటికీ వచనాలు చూపిస్తారు, నిజంగానే ఉన్నాయి. థెస్సలొనీకయులకి రాస్తూ పౌలు నిద్రపోయినవాళ్లన్నాడు. ఫిలిప్పీయులకి రాసేటప్పుడు, ఇక్కణ్నించి కదిలి క్రీస్తుతో ఉండాలని ఉందన్నాడు. మొదటిది సంఘాన్ని ఓదార్చిన ఉత్తరం, రెండోది తానే చెరసాల్లో ఉండి రాసింది. లూథరు నిద్ర వైపు మొగ్గాడు. కాల్విను కుర్రతనంలో, 1534లో, ఆత్మ నిద్రపోదని ఒక పుస్తకమే రాశాడు. అడ్వెంటిస్టులు ఈనాటికీ నిద్ర అనే అంటారు. మా వాళ్లు ఈ తగువులోకి దిగకుండా మూడూ ఒకే ప్రార్థనలో చెప్పేస్తారు. నాకు అదే బాగనిపించింది. పెట్టె ముందు నిలబడ్డ మనిషికి మూడూ కావాలి.

బాగనిపించనిది ఆ తర్వాత జరిగింది. పొరుగూరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మైకు తీసుకుని, వెనక నిలబడ్డ ఊరివాళ్ల వైపు తిరిగి నరకం వర్ణించాడు. ఆరని అగ్ని, చావని పురుగు. వాళ్లు ముందురోజు రాత్రంతా మాకు కాఫీలు కాచి పంపినవాళ్లు. పెట్టె మోసినవాళ్లు. తలలు దించుకుని విన్నారు. మా అయ్యగారు ముగింపు ప్రార్థన త్వరగా అందుకున్నారు, ఆయనకి నా వందనాలు.


ఏప్రిల్ 9

ఆ పురుగు సంగతి తేల్చాలి.

నరకానికి యేసు వాడిన మాట గెహెన్నా. అది పరలోకపు పేరు కాదు, యెరూషలేము కోట గోడకి నైరుతిగా ఉన్న హిన్నోము లోయ. యెహోషువ గ్రంథంలో అది యూదా గోత్రపు పొలిమేర. తర్వాత అక్కడ తోఫెతు అనే బలిస్థలం వెలిసింది. ఆహాజు, మనష్షే రాజులు కన్నకొడుకుల్నే అక్కడ నిప్పులో దహించారు. యోషీయా దాన్ని అపవిత్రపరిచి మూయించాడు. ఆ లోయకి ఇక వధ లోయ అనే పేరొస్తుందని యిర్మీయా అరిచాడు. ఇలాంటిది చేయమని తాను చెప్పలేదని, తన మనసుకే రాలేదని దేవుడు అన్నట్టు రాశాడు.

అంటే నరకం అన్న ఊహకి మొదటి నిప్పు పెట్టింది మనుషులు. రాజులు, పూజారులు. కాలింది పిల్లలు. దేవుడు పిల్లల్ని కాల్చే చోటుగా నరకాన్ని వర్ణించేవాళ్లు యిర్మీయా ఏడో అధ్యాయం ఇంకోసారి చదవాలి.

అది ఊరి చెత్త తగలబెట్టే దిబ్బ, అందుకే ఆరని మంట అని కూడా ప్రసంగాల్లో వినపడుతుంది. ఆ మాట దొరికేది 1200 ప్రాంతంలో దావీదు కిమ్హి రాసిన వ్యాఖ్యానంలో. యేసు తర్వాత పన్నెండు వందల ఏళ్లకి. తవ్వకాల్లో అలాంటి దిబ్బ బయటపడలేదు. ఆ లోయ అంచున కెతెఫ్ హిన్నోము గుట్ట మీద 1979లో గాబ్రియేల్ బర్కాయ్ తవ్విస్తే సమాధి గుహలు బయటపడ్డాయి. వాటిలో వేలెడంత కూడా లేని రెండు వెండి చుట్టలు ఉన్నాయి. చిట్లకుండా విప్పడానికి ఏళ్లు పట్టింది. విప్పితే లోపల సంఖ్యాకాండము ఆరో అధ్యాయపు ఆశీర్వాదం గీసి ఉంది. మా ఆరాధన చివర అయ్యగారు చేతులెత్తి చెప్పేది అదే. క్రీ.పూ. ఏడు, ఆరు శతాబ్దాల నాటిది. మనకి మిగిలిన లేఖన భాగాల్లో అంతకంటే పాతది లేదు. గెహెన్నా ఒడ్డున ఎవరో చచ్చినవాళ్లకి తోడుగా పెట్టారు.

ఇప్పుడు అక్కడ పచ్చిక ఉంది, పైన రోడ్డు పక్కన సినిమాథెక్ ఉంది, లోయలో సుల్తాన్ కొలను దగ్గర సంగీత కచేరీలు జరుగుతాయి.


ఏప్రిల్ 10

నిన్నటిది పూర్తి కాలేదు. గెహెన్నా కొత్త నిబంధనలో 12 సార్లు వస్తుంది. ఒకటి యాకోబు పత్రికలో, నాలుక గురించి. మిగతా 11 యేసు నోటి నుంచి. ఎవరితో అన్నాడో పక్కన పెన్సిలుతో రాసుకుంటూ పోయాను. సహోదరుణ్ని ద్రోహీ అని తిట్టే శిష్యుడితో. చిన్నవాళ్లకి అడ్డం పడే శిష్యులతో. శాస్త్రులతో, పరిసయ్యులతో. రోమా సైనికుడితో కాదు, సమరయ స్త్రీతో కాదు, కనాను తల్లితో కాదు. ఒక్కసారి కూడా బయటివాళ్లతో కాదు. గుడి లోపలివాళ్ల కోసం దాచిన మాట అది.

నిన్న కాక మొన్న ఆ మైకు వెనక్కి కాదు, ముందు వరసలో కూర్చున్న మా వైపు తిరగాల్సింది.


ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు. రెండో మాట చెప్పినాయన బాగా చెప్పారు. పక్క సిలువ మీది దొంగకి బాప్తిస్మం లేదు, సంఘ సభ్యత్వం లేదు, కానుక కవరు లేదు. ఈ రోజే పరదైసు అన్న మాట దొరికింది.


ఏప్రిల్ 19, శనివారం

ఈ రోజుకి మా దగ్గర ఆరాధన లేదు, ఇంటి పనులే. తూర్పు సంఘాలు మాత్రం ఈ శనివారాన్ని వదులుకోలేదు. 1 పేతురు 3లో చెరలో ఉన్న ఆత్మలకి క్రీస్తు ప్రకటించాడని ఒక చిక్కుముడి వచనం ఉంది. వాళ్లు దాని మీద ఒక బొమ్మల సంప్రదాయాన్నే కట్టారు. ఇస్తాంబుల్‌లోని కోరా గుడిలో 14వ శతాబ్దపు కుడ్యచిత్రం ఫొటో చూశాను. తలుపులు విరిగి పడున్నాయి, తాళాలూ గడియలూ చెల్లాచెదురు. క్రీస్తు ఒక చేత్తో ఆదాముని, ఒక చేత్తో హవ్వని మణికట్టు పట్టి లాగుతున్నాడు. వాళ్లు ఆయన చేయి పట్టుకోలేదు, ఆయనే పట్టుకున్నాడు.


ఏప్రిల్ 20, ఈస్టర్

తెల్లవారకముందే సమాధుల దొడ్డికి. సున్నం కొట్టిన సమాధులు, బంతిపూలు, కొవ్వొత్తులు, బాక్సులో పాటలు, టీ ఫ్లాస్కులు. అత్త మట్టి ఇంకా కుంగలేదు. పిల్లలు సమాధుల మధ్య పరిగెడుతుంటే ఎవరూ అదిలించలేదు.

1 కొరింథీయులు 15 చదివారు. దీన్ని విని కూడా ఆత్మ ఎగిరి స్వర్గానికి పోతుందనే మేం మాట్లాడుకుంటాం. పౌలు ఒళ్లు వదలడు. విత్తనం వేస్తే మొక్క వస్తుంది, అదే ఒళ్లు, వేరే తీరు అంటాడు. చావుని స్నేహితుడనీ విముక్తి అనీ అనడు, ఆఖరి శత్రువంటాడు. ప్రకటన 21లోనూ మనం పైకి పోవడం లేదు, పట్టణమే కిందికి దిగుతుంది. ఇళ్లు, వీధులు, నది, చెట్లు. ఈ నేల మీద ఇంత మమకారం ఉన్న గ్రంథాన్ని, నేల వదిలి పారిపోవడానికి టికెట్టుగా మార్చింది ఎవరో!


ఏప్రిల్ 22

పోప్ ఫ్రాన్సిస్ నిన్న పోయారు. పక్కింట్లో టీవీ ఆపలేదు. 2024 జనవరిలో ఇటలీ టీవీలో ఆయన ఒక మాటన్నారు. ఇది సిద్ధాంతం కాదు, నా సొంత తలంపు, నరకం ఖాళీగా ఉందనుకోవడం నాకిష్టం అని. అప్పుడు ఎంత రభస! అది ఆయన కొత్తగా కనిపెట్టిందీ కాదు. మూడో శతాబ్దపు ఓరిగెను చివరికి అంతా దేవుడి దగ్గరికి తిరిగొస్తుందన్నాడు. 553లో ఆ బోధని శపించారు. దాదాపు అదే అన్న నుస్సా గ్రెగొరీ మాత్రం ఈనాటికీ పరిశుద్ధుడే. అగస్టీను దేవుని పట్టణం 21వ పుస్తకంలో ఇలాంటి జాలిగుండెల వాళ్లతో ఓపిగ్గా వాదించి, మత్తయి 25 చివరి వచనం చూపించాడు. జీవం నిత్యమైతే శిక్షా నిత్యమే, ఒకే వాక్యంలో ఉన్నాయన్నాడు. గట్టి వాదన. నేను దాన్ని దాటలేను. 1988లో జాన్ స్టాట్, సువార్తికుల్లో అంతటి పెద్దాయన, నిత్య యాతన కన్నా నిర్మూలమే లేఖనానికి దగ్గరేమోనని జంకుతూ రాశారు. ఆత్మనీ దేహాన్నీ నశింపజేయగలవాడని మత్తయి 10లో ఉన్నది కూడా యేసు మాటే కదా.


మే 20

నీకయ సభకి ఈ ఏడాది 1700 ఏళ్లు. 325 నాటి విశ్వాస ప్రమాణంలోనూ, 381 నాటి పెద్ద రూపంలోనూ బతికున్నవాళ్లకీ చచ్చినవాళ్లకీ తీర్పు ఉంది. పెద్ద రూపంలో పునరుత్థానం, రాబోయే లోకపు జీవం ఉన్నాయి. నరకం ప్రస్తావన రెంటిలోనూ లేదు. ఉందని కాదు, లేదని కాదు. నమ్మితీరాల్సిన వాటి జాబితాలో దాన్ని పెట్టలేదు.


జులై 3, గురువారం

1878లో ఇదే తేదీన ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి ఒక్కరోజులో బాప్తిస్మం ఇచ్చారు. అంతకుముందు రెండేళ్లు ధాత కరవు. మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కంట్రాక్టు తీసుకుని మాదిగపల్లెల జనానికి పని చూపించాడు. గింజల కోసం చేరుతున్నారనే మాట రాకూడదని కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. అయినా ఆ మాట రాకుండా ఆగలేదు, ఈనాటికీ ఆగలేదు.

కాలువ గట్టున పారలు పట్టుకుని వాళ్లు లూకా 16 వినే ఉంటారు. ధనవంతుడూ లాజరూ. ఆ కథని మేడ మీద నుంచి వినడం వేరు, వాకిట్లో నుంచి వినడం వేరు. అబ్రాహాముని పక్కన పెడితే, యేసు ఉపమానాల్లో పేరున్న మనిషి ఒక్కడే, వాకిట్లో పుండ్లతో పడున్నవాడు. ఊదారంగు బట్టలవాడికి పేరు లేదు. మన ఊళ్లలో దొరకి పేరుంటుంది, వాకిట్లోవాణ్ని ఒరేయ్ అంటారు.

ధనవంతుడు చేసిన పాపం ఏమిటో వెతికాను. విగ్రహారాధన లేదు. తప్పుడు సిద్ధాంతం లేదు. అబ్రాహాముని తండ్రీ అని పిలిచే మతస్థుడే. లాజరుని కొట్టినట్టు, గెంటినట్టు కూడా లేదు. రోజూ విందు చేసుకున్నాడు, వాకిట్లో మనిషి ఉన్నాడు, అంతే. పాతాళంలో పడ్డాక కూడా అతని తీరు మారదు. లాజరుని పంపు, వేలు తడిపి నా నాలుక మీద పెట్టమను. లాజరుని మా ఇంటికి పంపు. ఆజ్ఞలే. ఒక్కసారైనా లాజరుతో నేరుగా మాట్లాడడు, అబ్రాహాము ద్వారానే కబురు. మధ్యలో ఉన్న అగాధాన్ని ఎవరు తవ్వారో చెప్పక్కర్లేదు, బతికుండగా రోజూ అతను చూడకుండా దాటిపోయిన గుమ్మం వెడల్పే అది.

మత్తయి 25లోనూ అంతే. ఆకలి, దప్పిక, బట్ట, జబ్బు, చెరసాల. నువ్వేం నమ్మావని అక్కడ అడగలేదు. దీన్నిబట్టి కృపనీ విశ్వాసాన్నీ కొట్టేయలేం, రోమీయులకి రాసిన పత్రికా బైబిలే. కానీ చచ్చాక జరిగే దాని మీద యేసు నిలబెట్టిన దృశ్యాలు చూస్తే, అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ అన్నం గురించే. దానియేలు నాటి బాకీ ఇంకా రాస్తూనే ఉన్నారు. మైకు పట్టుకునేవాళ్లు దీన్ని ఏ మతంలో పుట్టావన్న ప్రశ్నగా ఎలా మార్చగలిగారో!

ఇంకా చేదైన సంగతి మా సంఘాలది. కొన్ని ఊళ్లలో క్రైస్తవుల్లోనే కులానికో సమాధుల దొడ్డి ఉంది. యోబు పాతాళంలో కూడా లేని తేడా ఇది.


నవంబర్ 2, ఆదివారం

ప్రకటన 20లో మరణాన్నీ పాతాళాన్నీ అగ్నిగుండంలో పడేస్తారు. జీవగ్రంథంలో పేరు లేనివాళ్లనీ పడేస్తారు. 21లో పట్టణపు గుమ్మాలు ఎన్నటికీ మూయరని ఉంది. 22కి వచ్చేసరికి గుమ్మం బయట ఇంకా జనం ఉన్నారు, నరహంతకులు, అబద్ధాన్ని ప్రేమించేవాళ్లు. యోహాను ఈ మూడింటినీ కలిపి కుట్టలేదు. తెరిచిన గుమ్మాల వైపే నా మనసు పోతుంది. హిన్నోము పిల్లలూ, ఆ ఏడుగురు కొడుకుల తల్లీ గుర్తొస్తే మాత్రం, వాళ్లని చంపినవాళ్లకి అంత తేలిగ్గా తలుపు తీయమనే హక్కు నాకు లేదనిపిస్తుంది.

కథోలికులకి ఇవాళ సమాధుల పండుగ. మాసులో చదివించడానికి పక్కింటి వదిన చనిపోయినవాళ్ల పేర్లు చీటీ మీద రాసుకుంటోంది. గోడ మీద నుంచి అడిగింది: "అన్నయ్యగారూ, మీ మేనత్తగారి పేరు కూడా రాయమంటారా? మా చిన్నోడు ఆవిడ చేతుల్లోనే కదా పుట్టాడు."

అత్త పక్కా లూథరన్, ఉంటే దెబ్బలాడేది. రాయమన్నాను. మా అయ్యగారి చెవిన వేయొద్దని కూడా చెప్పాను.